వీ-క్రాస్‌కి 265/65 ఆర్18 టైర్లు: వేసినవాళ్లు కాస్త చెప్పండి

గోదారి_బండి (రాజమండ్రి):
నాది 2021 ఇసుజు వీ-క్రాస్ 4x4 పికప్. 68 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ టైర్లు 255/60 ఆర్18, బాగా అరిగిపోయాయి. ఎలాగూ మార్చాలి కదా అని ఈసారి ఇంకాస్త పెద్దవి, ఏ/టీ (ఆల్-టెరైన్, తారుకీ మట్టికీ పనికొచ్చే) రకం వేద్దామనుకుంటున్నా. రంపచోడవరం అవతల మా తోటకి నెలకి రెండు మూడు సార్లు వెళ్తాను. చివరి నాలుగు కిలోమీటర్లూ మట్టి దారే. వానాకాలంలో టైరు గాడుల్లో బురద నిండిపోయి, సబ్బు మీద కాలేసినట్టు జారిపోతోంది. టైర్ల షాపాయన 265/65 చూపించి "కళ్లు మూసుకుని వేసేయండి సార్, పడతాయి" అంటున్నాడు. ఆయన కళ్లు మూసుకోమన్న దగ్గర్నుంచీ నాకు టెన్షన్. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసే ఉద్దేశం లేదు. విన్నవాళ్లు కాదు, వేసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు:
నేను వేయలేదు కానీ లెక్క చెప్పగలను, తిట్టుకోకండి. 255 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 153. పైనా కిందా కలిపి 306. దానికి 18 అంగుళాల రిమ్ము, 457 కలపండి. మొత్తం 763 మిల్లీమీటర్లు. అదే 265/65 అయితే 802 దగ్గరికి వస్తుంది. ఐదు శాతం పెద్దది. మూడు శాతం దాటకపోతే మంచిదని మామూలుగా అంటుంటారు. 265/60 తీసుకుంటే 775, అంటే ఒకటిన్నర శాతమే తేడా.

ఇంకో మాట. వ్యాసం 39 పెరిగినా బండి లేచేది అందులో సగమే, 19 మిల్లీమీటర్లు. 265/60తో అయితే ఆరు. పెసరట్టు మందం.

అడ్డరోడ్డు_అబ్బాయి (విశాఖ):
నేను వేశాను. మీ బండే, ఇదే సైజు, లిఫ్ట్ లేకుండా. తిన్నగా పోతున్నంతసేపూ మహా దర్జాగా ఉంటుంది. చూసినవాళ్లంతా "ఏం చేయించావురా" అని అడిగారు. మొదటి రోజు సాయంత్రమే మా సందులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ తీస్తుంటే ముందు ఎడమ చక్రం దగ్గర బర్‌ర్‌ర్ మని శబ్దం. లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి, మడ్‌ఫ్లాప్‌కి రాసుకుంటోంది. ఫ్లాప్ తీసేశాను, లైనర్‌ని వేడిచేసి లోపలికి నొక్కించాను. ఖాళీ బండికి సరిపోయింది. ఐదుగురం ఎక్కి అరకు ఘాట్‌లో వెళ్తుంటే ప్రతి గుంతకీ, ప్రతి మలుపుకీ మళ్లీ అదే రాపిడి.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. డబ్బులిచ్చే ముందు ఒక్క టైరు మాత్రం బిగించమనండి. లైనర్ లోపలి అంచులకి, ఫ్లాప్‌కి సుద్దముక్కతో గట్టిగా రుద్దండి. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి ముందుకీ వెనక్కీ నడపండి. ఒక ముందు చక్రాన్ని ఇటుకల మీదకో గట్టు మీదకో ఎక్కించి మళ్లీ తిప్పి చూడండి. సుద్ద ఎక్కడ చెరిగితే అక్కడ తగులుతున్నట్టే. షాపులో నేల చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ అన్ని టైర్లూ పడతాయి!

గోదారి_బండి:
వెడల్పు రిమ్ములు వేస్తే బయటికి జరిగి రాపిడి పోతుంది కదా అంటున్నాడు షాపాయన.

అడ్డరోడ్డు_అబ్బాయి:
లోపల సస్పెన్షన్ వైపు ఖాళీ వస్తుంది, నిజమే. కానీ చక్రం బయటికి జరిగితే తిరిగేటప్పుడు ఇంకా పెద్ద గుండ్రం తిరుగుతుంది. లోపల తగలనిది బంపర్ అంచుకి తగులుతుంది. వీల్ బేరింగ్ మీద భారం, తలుపుల నిండా బురద అదనం. చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్ల జోలికి అసలు పోకండి.

టమాటా_లోడు (మదనపల్లె):
అన్నా, నాది షోకు బండి కాదు, బొలేరో పికప్. అయినా చెప్తా. మా తమ్ముడు మాట విని వెనకా ముందూ కంపెనీ సైజు కంటే పెద్దవి వేయించినా. ఖాళీగా పోయేటప్పుడు ఏమీ తెలీదు. టమాటా బాక్సులు నింపుకుని భాకరాపేట ఘాట్ దిగుతుంటే తెలిసొచ్చింది. మామూలుగా మూడో గేరులో వదిలేస్తే ఇంజనే పట్టుకునేది. చక్రం పెద్దదయ్యాక అదే గేరులో బండి ఉరుకుతాంది. బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగాల్సొచ్చింది. కిందికొచ్చేసరికి డ్రమ్ముల దగ్గర మాడు వాసన. ఎక్కేటప్పుడు గేరు తగ్గించాల్సిందే, క్లచ్ కూడా తొందరగా పోయింది. రెండు నెలలకే పాత సైజుకొచ్చేసినా. లోడు కొట్టేవాళ్లెవరూ ఈ పని చేయొద్దు. టైరు మీద లోడ్ ఇండెక్స్ నంబరు చూసుకోండి, 108 అంటే టైరుకి 1000 కిలోలు, 112 అంటే 1120. కంపెనీ ఇచ్చిన నంబరు కంటే తగ్గకూడదు.

డాలస్_బాబాయ్:
ఇక్కడ టెక్సస్‌లో ఇది ఇంటింటి జబ్బు. నా టయోటా టకోమా పికప్‌కి 265/65 ఆర్17 తీసి 285/70 ఆర్17 వేశాను, ఏడు శాతం పెరిగింది. ముందు లిఫ్ట్ చేయించినా సరిపోలేదు. ఫ్రేమ్ మీద క్యాబిన్ కూర్చునే మౌంట్ మూల కోసి, ప్లేటు పెట్టి వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కదా, కొంచెం ఎత్తు వస్తే చాలు ఐదా ఆరా అని తేల్చుకోలేక కొట్టుకుంటుంది. టైర్ల ఖర్చుకి మించి మిగతా పనులకి పెట్టాను. మా ఆవిడకి ఇప్పటికీ అసలు లెక్క చెప్పలేదు.

స్టెప్నీ మాట ఎవరూ అడగలేదేం? కింద పాత సైజు ఉంచి, దారిలో పంక్చరైతే అదే వేసి 4హెచ్‌లో (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం వెళ్లేలా) పెట్టారనుకోండి, ఒక చక్రం చిన్నది మూడు పెద్దవి. మీ బండిలో ముందు వెనక యాక్సిళ్ల మధ్య ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు. తారు రోడ్డు మీద ఆ తేడా అంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. కొంటే ఐదూ కొనండి. పెద్దది ట్రే కింద పడుతుందో లేదో కొలవండి.

లెక్కల_మాస్టారు:
మైలేజీ గురించి ఒకటి. టైరు ఐదు శాతం పెరిగితే మీటర్‌లో దూరం ఐదు శాతం తక్కువ చూపిస్తుంది. ట్యాంకు నింపి లెక్కేస్తే 11.5 వచ్చిందనుకోండి, అసలు 12 పైనే. "టైర్లు మార్చాక మైలేజీ ఢమాల్" అని ఏడ్చేవాళ్లలో సగం మంది ఈ లెక్క వేయరు. బరువైన టైరు వల్ల కొంత తగ్గే మాట మాత్రం నిజమే.

నల్లకోటు (హైదరాబాద్):
చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రోడ్డు మీద టైరు సైజు చూసి ఆపినవాళ్లు నాకు తెలిసి తక్కువే. ప్రమాదం జరిగాక బీమా సర్వేయర్ ఫొటోలు తీసేటప్పుడే తంటా. నా క్లయింటు ఒకాయన క్లెయిమ్ ఈ సైజు దగ్గరే నాలుగు నెలలు ఆగింది.

గోదారి_బండి (మూడు వారాల తర్వాత):
అందరికీ థాంక్స్. 265/65 వదిలేశాను. 265/60 ఏ/టీ, స్టెప్నీతో కలిపి ఐదూ వేయించాను. లాయరు గారూ, ఇదీ స్టాండర్డ్ సైజు కాదని తెలుసు, బీమా వాళ్లకి మెయిల్ పెట్టాను, జవాబు కోసం చూస్తున్నా. హైలక్స్‌కీ ఫార్చ్యూనర్‌కీ వచ్చే సైజే కాబట్టి దారిలో ఒకటి పేలినా ఊళ్లో దొరుకుతుంది. 265/65 అయితే ఒక్క టైరు కోసం వారం ఆగాలన్నాడు, అదీ అడిగితేనే చెప్పాడు.

సుద్ద పరీక్ష చేశాను, షాపాయన వింతగా చూశాడు. ఎక్కడా చెరగలేదు. మీటర్ వంద చూపిస్తే జీపీఎస్‌లో 97. ఇదివరకు 96 ఉండేది. ఎనభై దాటాక గుయ్ మని మోత, అమ్మ రెండుసార్లు "కిటికీ వేశావా?" అని అడిగింది. స్టీరింగ్ కాస్త బరువెక్కింది.

మొన్న వానలో తోటకి వెళ్లాను. ప్రతిసారీ ఇరుక్కునే వాగు గట్టు దగ్గర 4హెచ్ వేశాను, ఒక్కసారి పక్కకి ఊగి ఎక్కేసింది. మిగతా దారంతా 2హెచ్‌లోనే, వెనక చక్రాల బలంతోనే. సైజు కంటే టైరు మీది బటన్ల (రబ్బరు గడ్డల) పనే ఎక్కువనిపించింది.

లెక్కల_మాస్టారు:
మైలేజీ?

గోదారి_బండి:
ఇంకా ట్యాంకు అవ్వలేదు మాస్టారూ. ఒకటిన్నర శాతం కలిపే చెప్తాలెండి.