"ఫలానావాళ్ళ మాదిరి ఉంది" అని రాస్తే తప్పేముంది?

బాలాజీకాలనీ శ్రోత (చర్చ మొదలుపెట్టింది)

తిరుపతిలో జాజ్ వినేవాళ్ళం పదిమంది ఉంటే గొప్ప. ఆ పదిమందిలోనే ఒక తగువు వచ్చింది, మీరే తీర్చాలి.

నాకు తెలిసిన కుర్రాడు ఒకడు ఇక్కడే పుట్టి పెరిగి ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. నెల కిందట ఒక ఆల్బమ్ పంపించాడు. ఒక్కడే, పియానో మీద. ముందుగా రాసుకున్నది ఏమీ లేదు, కూర్చుని అప్పటికప్పుడు వాయించిందే. నలభై నిమిషాలు. రెండు ట్రాకులకీ పేర్లు కూడా పెట్టలేదు, 'ఒకటి', 'రెండు', అంతే. నేను మా వాట్సాప్ గ్రూపులో నాలుగు పేరాలు రాశాను. అందులో ఒక వాక్యం: "కీత్ జారెట్ కోల్న్ కచేరీ మాదిరి ఉంది." మెచ్చుకుంటూనే రాశాను. అమెరికా జాజ్ పియానిస్టు జారెట్ 1975లో జర్మనీలోని కోల్న్‌లో ఒక్కడే కూర్చుని అప్పటికప్పుడు వాయించిన ఆ రికార్డు నాకు ప్రాణం.

రాత్రికి ఫోన్. "అన్నా, నలభై నిమిషాలు నేను వాయిస్తే నువ్వు ఇంకొకాయన పేరు రాసినావే" అన్నాడు. పైగా ఆ రికార్డు వాడు పూర్తిగా విననే లేదట. కోపంగా అనుంటే సర్దిచెప్పేవాణ్ణి. నీరసంగా అన్నాడు.

పాట లేదు, సాహిత్యం లేదు, రాగం పేరు లేదు. పోలిక కూడా వద్దంటే చదివేవాళ్ళకి నేనేం చెప్పాలి? "బాగుంది, వినండి" అనా?

చిత్తూరు మృదంగం

"రాగం పేరు లేదు" అన్నావే, కత అంతా ఆడనే ఉండాదబ్బా.

మన కచేరీ సమీక్ష తీసుకో. "తోడి ఇరవై నిమిషాలు పాడారు, గాంధారం దగ్గర బాగా నిలబడ్డారు" అని రాస్తే చాలు, మహతి ఆడిటోరియంలో వెనక వరసలో కూర్చునేవాడికి కూడా సగం కచేరీ చెవిలో పడుతుంది. ఆ ఆలాపన కూడా అప్పటికప్పుడు పుట్టిందే గదా. అయినా దానికి ఊరూ పేరూ ఉన్నాయి. జాజ్‌లోనూ చాలాకాలం అంతే. 1945లో చార్లీ పార్కర్ శాక్సఫోన్ మీద 'కో-కో' ఎంత వేగంగా వాయించినా, కింద నడిచేది 'చెరొకీ' అనే పాత పాట కార్డ్సే (కార్డ్ అంటే కలిపి వాయించే స్వరాల గుత్తి). వినేవాడి కాలికి నేల తగులుతూ ఉంటుంది.

ఏ పాటా పెట్టుకోకుండా వాయించేవాళ్ళ దగ్గర ఆ నేల లేదు. అందుకే రాగం పేరు రాయాల్సిన ఖాళీలో సమీక్షకుడు మనిషి పేరు రాస్తాడు. నువ్వు చేసిందీ అదే. తప్పని అనను. కానీ తోడి ఎవరి సొత్తూ కాదు. నువ్వు రాసింది ఒక మనిషి పేరు.

క్యాసెట్ల పెట్టె

మా తరంలో ఇది పొగడ్త నాయనా. మన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై గారు కాంచీపురం నాయనా పిళ్ళై గారి శిష్యులు. ఆ లయ పట్టు వింటే గురువు గుర్తుకు రావాల్సిందే. "అచ్చం నాయనా పిళ్ళై బాణీ" అంటే అంతకుమించిన మాట ఉండదు. అవధానులను చూడండి, ఎవరు కాస్త ధారగా చెప్పినా తిరుపతి వెంకట కవులను తలచుకుంటాం. (పేరు చూసి మన ఊరి వాళ్ళనుకునే పిల్లలు ఉన్నారు, కాదు.) ఎవరూ నొచ్చుకోగా నేను చూడలేదు. ఈ కాలం పిల్లలకి 'నాది', 'నాదే' అన్న ధ్యాస ఎక్కువ.

చిత్తూరు మృదంగం

పెద్దాయనా, తప్పుగా అనుకోవద్దు. బాణీ వేరే. శిష్యుడు ఏళ్ళ తరబడి గురువుగారి ఇంట్లో ఉండి, కూరగాయలు తెచ్చి, తిట్లు తిని తెచ్చుకున్నది అది. ఈ పిల్లోడు జారెట్ ఇంటికి కూరగాయలు తేలేదు. వాణ్ణి విని శ్రోతన్నకి జారెట్ గుర్తుకు వచ్చినాడు, అంతే. అది శ్రోతన్న ఇంట్లో ఏ రికార్డు అరిగిపోయిందో చెబుతుంది. వాడు ఏం వాయించినాడో చెప్పదు.

ఎడమచెయ్యి

నేను బైరాగిపట్టెడలో పిల్లలకి కీబోర్డు నేర్పుతాను. శ్రోత గారూ, ఒక్క ప్రశ్న. కోల్న్ మాదిరి అంటే అందులో ఏది మాదిరి?

ఎందుకు అడుగుతున్నానంటే ఆ కచేరీ అలా ఉండటానికి కారణం జారెట్ ఒక్కడే కాదు, ఆ పియానో కూడా. 1975 జనవరి 24 రాత్రి కోల్న్ ఒపెరా హౌస్‌లో ఆయన అడిగిన పెద్ద పియానో బదులు ఒక చిన్నది పెట్టారు. శ్రుతి సరిగ్గా లేదు. పై స్వరాలు పలచగా రేకు డబ్బా మోగినట్టు పలుకుతున్నాయి, కింద మంద్రంలో బలం లేదు, పెడల్స్ మొరాయిస్తున్నాయి. వాయించనని వెళ్ళిపోబోయి చివరికి కూర్చున్నాడు. అందుకే ఎక్కువసేపు నడిమి స్థాయిలోనే తిరిగాడు. మంద్రం లేని లోటు తీర్చడానికి ఎడమచేత్తో ఒకే చిన్న నడకని తిప్పి తిప్పి కొట్టాడు. మనం 'జారెట్ శైలి' అని మురిసిపోయే దాంట్లో సగం ఆ డొక్కు పియానో పెట్టిన ఇబ్బంది.

కాబట్టి "ఎడమచేతి నడక ఆగకుండా తిరుగుతోంది, కోల్న్‌లో లాగా" అని రాస్తే నాకు అర్థమవుతుంది, నా పిల్లలకి వాయించి చూపిస్తాను. వట్టి "కోల్న్ మాదిరి" అంటే, మంచి పొంగలి తిని "మా పిన్ని చేసినట్టే ఉంది" అన్నట్టు. మీ పిన్ని వంట తినని వాళ్ళం మేమేం చెయ్యాలి?

పాతపత్రికల పిచ్చి

పిన్ని పోలిక బాగుంది. ఇది జాజ్‌లో పాత జబ్బే.

శాక్సఫోన్ వాయించే ఆర్నెట్ కోల్మన్ 1960 డిసెంబరులో 'ఫ్రీ జాజ్' రికార్డు చేశాడు. ఎనిమిది మంది, అంటే రెండు చతుష్టయాలు, ఒకటి ఎడమ స్పీకర్లో, ఒకటి కుడి స్పీకర్లో, సుమారు 37 నిమిషాలు ఆగకుండా. 'డౌన్‌బీట్' అనే జాజ్ పత్రిక 1962 జనవరిలో ఒకే రికార్డుకి ఇద్దరి చేత సమీక్ష రాయించింది. ఒకాయన ఐదు నక్షత్రాలు ఇచ్చాడు. ఇంకొకాయన సున్నా. ఒకే సంచికలో! వినడానికి కొలబద్ద లేనప్పుడు జరిగేది ఇదే.

ఆ తర్వాత ఇంకో తమాషా. 1965లో ఇంకో శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ తనతో కలిపి పదకొండు మందితో 'అసెన్షన్' చేశాడు. అంతే, ఈ రోజుకీ ఆ రికార్డు పక్కన 'ఫ్రీ జాజ్' మాట లేకుండా రాసేవాళ్ళు అరుదు. గుంపుగా గోల చేశారు కాబట్టి రెండూ ఒకటే! కానీ విని చూడండి. కోల్మన్‌ది సందడిలోనూ కబుర్లాడుకుంటున్నట్టు గాలి ఆడుతూ ఉంటుంది. కోల్ట్రేన్‌ది గుంపంతా ఒక్కసారిగా మీద పడి, పక్కకి తప్పుకుని ఒకడికి దారిచ్చి, మళ్ళీ మీద పడుతుంది. పోలిక మొదటి అరనిమిషానికి పనికొస్తుంది, తర్వాత చెవులు మూస్తుంది.

పాపం సానీ స్టిట్. శాక్సఫోన్ వాయిస్తే అచ్చం పార్కరే అనేవాళ్ళు. పార్కర్‌ని వినక ముందే నా వాయిద్యం ఇట్లా ఉండేది అని చెప్పుకునేవాడు. ఎవరు నమ్మారు? ఆల్టో శాక్సఫోన్ పక్కన పెట్టి టెనర్ మీదకి మళ్ళింది ఈ పోలిక బాధ పడలేకే అంటారు. మీ కుర్రాడి నీరసం నాకు తెలిసిందే.

ఎడమచెయ్యి

అందుకే అంటున్నా, పేర్లు మానేసి లోపల జరిగింది రాయండి.

పాతపత్రికల పిచ్చి

అంత సులువైతే ఇంకేం. 1958లో గుంథర్ షుల్లర్ అనే సంగీతకారుడు, విమర్శకుడు అదే చేశాడు. సానీ రోలిన్స్ శాక్సఫోన్ మీద వాయించిన 'బ్లూ 7'ని స్వరం స్వరం విప్పి, ఒక చిన్న ముక్కని ఎట్లా పెంచుకుంటూ పోయాడో పెద్ద వ్యాసం రాశాడు. ఎవరితోనో పోల్చి సరిపెట్టలేదు, పూర్తిగా మెచ్చుకున్నాడు. ఏమైంది? తను తెలియకుండా చేస్తున్న పని కాగితం మీద చూసేసరికి రోలిన్స్‌కి చెయ్యి తడబడింది. ఇక సమీక్షలు చదవనని మానేశాడు. పోల్చినా తప్పే, విప్పినా తప్పే.

లీలామహల్ అమ్మాయి

నేను ఇక్కడ అందరికంటే చిన్నదాన్ని, తప్పుంటే మన్నించండి. మీరంతా వాయించేవాళ్ళ బాధ మాట్లాడుతున్నారు. చదివేవాళ్ళ సంగతి?

మా ఇంట్లో శాక్సఫోన్ అంటే కద్రి గోపాల్‌నాథ్ గారే, పొద్దున్నే తాతయ్య పెట్టేవారు. "కద్రి గారిని వినేవాళ్ళు ఇది వినండి" అని ఎవరో రాసింది చూసి అమెరికాలో జాజ్ శాక్సఫోన్ వాయించే రుద్రేశ్ మహంతప్ప 2008లో ఆయనతో కలిసి చేసిన 'కిన్స్‌మెన్' ఆల్బమ్ విన్నాను. అక్కణ్ణుంచి కోల్ట్రేన్. ఆ ఒక్క వాక్యం లేకపోతే నేను మీ చర్చలో ఉండను. మొదటే "నడిమి స్థాయిలో ఎడమచేతి నడక" అని రాసుంటే భయపడి పారిపోయేదాన్ని, ఎడమచెయ్యి సార్ ఏమీ అనుకోవద్దు.

క్యాసెట్ల పెట్టె

బాగా అడిగావమ్మా. అన్నమయ్య రాగిరేకులు గుర్తొచ్చాయి నాకు. వాటి మీద రాగం పేరుంది, స్వరం లేదు. ఆ మెట్టు పోయింది. తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వారి వంటివారు కొత్తగా వరస కట్టాల్సి వచ్చింది. ఈ పిల్లవాడి ఆల్బమ్ దానికి తలకిందులు. ధ్వని అంతా చెక్కుచెదరకుండా ఉంది, పిలవడానికి పేరే లేదు. పేరు లేనప్పుడు "ఫలానావాళ్ళ అబ్బాయి" అనే గదా పిలుస్తాం.

చిత్తూరు మృదంగం

బాగుంది పెద్దాయనా. కానీ ఇక్కడ నాయన ఎవరో మనమే తేల్చేస్తా ఉండాం.

బాలాజీకాలనీ శ్రోత

సరే. రాత్రి మళ్ళీ విని ఇట్లా మార్చాను, చూడండి:

"మొదటి ట్రాకులో ఎడమచెయ్యి నాలుగు స్వరాల నడక ఒకటి పట్టుకుని పన్నెండు నిమిషాలు వదలదు. కుడిచెయ్యి దాని మీద వాలుతుంది, లేస్తుంది, ఎప్పుడూ ఎత్తుకి పోదు. కోల్న్ కచేరీ ఇష్టపడేవాళ్ళకి ఈ నడక దగ్గరగా అనిపించవచ్చు. కానీ జారెట్ మధ్యమధ్య మూలుగుతాడు, పొంగుతాడు. ఇక్కడ పొంగు లేదు. ఎవరో వింటారేమో అన్నట్టు వాయించాడు."

ఎడమచెయ్యి

ఇది నేను ఒప్పుకుంటాను. చివరి వాక్యం మాత్రం మీ ఊహ, తీసెయ్యండి.

లీలామహల్ అమ్మాయి

నాకు ఆ చివరి వాక్యం చదివాకే వినాలనిపించింది. లింకు పెట్టండి అన్నా.

ఒకటీ రెండూ (కొత్త సభ్యుడు)

ఆల్బమ్ నాదే. అన్న లింకు పంపిస్తే వచ్చినా.

ఆ చివరి వాక్యం తీయొద్దండి. నాది పాత అప్‌రైట్ పియానో, మూడో అంతస్తులో ఉంటాను. గోడకి అవతల నెలల పసిబిడ్డ. ఆఫీసు నుంచి వచ్చేసరికి పది అవుతుంది, ఆ టైములోనే వాయించాలి. పై స్వరాలు గోడ దాటి వినిపిస్తాయి, కింది స్వరాలకి నేల అదురుతుంది. అందుకే మధ్యలోనే, మెత్తగా, ఒకే నడక. బిడ్డ లేచి ఏడిస్తే ఆపేసేవాణ్ణి. రెండో ట్రాకు అట్లా సగంలో ఆగిందే.

బాలాజీకాలనీ శ్రోత

ఒరేయ్, ఇదంతా ముందే చెప్పుంటే నేను జారెట్ దాకా ఎందుకు పోతాను?

ఒకటీ రెండూ

నువ్వు అడగలేదు గదన్నా.