రాత్రి డ్యూటీ నర్సుల ఒత్తిడిపై ఆబ్‌స్ట్రాక్ట్: డేటా పూర్తి కాకముందే సదస్సుకు పంపవచ్చా?

ప్రశ్న — ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థిని, కాకినాడ

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ నర్సింగ్ రెండవ సంవత్సరం చదువుతున్నాను. ఒత్తిడి, ఆరోగ్యం అనే అంశం మీద బెంగళూరులో జరగబోయే ఒక జాతీయ సదస్సుకు నా థీసిస్ పని నుంచి సంక్షిప్త సారం, అంటే ఆబ్‌స్ట్రాక్ట్ పంపాలనుకుంటున్నాను. గడువు ఇంకా 18 రోజులు ఉంది, పరిమితి 250 పదాలు. ఇంతకుముందు ఏ సదస్సుకూ పంపిన అనుభవం లేదు కాబట్టి, పంపినవారూ, వచ్చినవాటిని పరిశీలించినవారూ దారి చూపుతారని ఆశిస్తున్నాను.

ఒకే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తున్న స్టాఫ్ నర్సులనూ పగటి డ్యూటీ చేస్తున్నవారినీ పోల్చడం నా అధ్యయనం. పది ప్రశ్నల పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ తెలుగు అనువాదంతో ఒత్తిడి స్కోరు తీసుకుని, డ్యూటీ ముగిసిన వెంటనే బీపీ చూస్తున్నాను. 200 మందిని తీసుకుంటానని ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రోటోకాల్‌లో రాశాను. ఇప్పటికి 140 మంది పూర్తయ్యారు. వీరిలో 30 మందికి ఉదయం 8 గంటలకు రక్తంలో కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) పరీక్ష కూడా చేయించాను.

ఈ 140 మంది డేటాతోనే పంపడం సరైన పద్ధతేనా అన్నది నా మొదటి సందేహం. రెండవది, ముగింపు వాక్యం బలంగా ఉండాలని, “రాత్రి డ్యూటీ నర్సులలో ఒత్తిడినీ రక్తపోటునూ పెంచుతుంది” అని రాయమని నా గైడ్ సూచించారు. ఆ వాక్యం రాసిన ప్రతిసారీ నాకు ఏదో వెలితిగా అనిపిస్తోంది, కానీ ఎందుకో చెప్పలేకపోతున్నాను. కార్టిసాల్ ఫలితాలు కలిపితే ఆబ్‌స్ట్రాక్ట్‌కు బరువు వస్తుందని స్నేహితులు అంటున్నారు. ఇవన్నీ 250 పదాలలో ఎలా ఇమడ్చాలో కూడా తెలియడం లేదు.


సమాధానం 1 — కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకుడు, వరంగల్

అమ్మా, కొన్నేళ్లుగా సదస్సుల ఆబ్‌స్ట్రాక్టులు పరిశీలిస్తున్నవాడిగా ముందు నీ రెండవ సందేహానికే సమాధానం చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. నీకు అనిపిస్తున్న వెలితి నిజమైనదే. ఒక్కొక్కరినీ ఒకే ఒక్కసారి చూసి, ఒత్తిడినీ డ్యూటీనీ ఒకే సమయంలో నమోదు చేశావు. అది క్రాస్ సెక్షనల్ అధ్యయనం. అందులో ఏది ముందు వచ్చిందో, ఏది తర్వాత వచ్చిందో తెలియదు కాబట్టి “పెంచుతుంది” అనే క్రియకు నీ దగ్గర ఆధారం లేదు. “రాత్రి డ్యూటీలో ఉన్నవారి స్కోరు ఎక్కువగా ఉంది” అనేంతవరకే నీ డేటా మాట్లాడుతుంది.

ఇంతకంటే లోతైన ఇబ్బంది ఒకటి ఉంది. పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ ప్రశ్నలు “గత నెల రోజులలో” అని మొదలవుతాయి. మన ఆసుపత్రులలో చాలాచోట్ల డ్యూటీలు వారానికో పదిహేను రోజులకో మారుతూ ఉంటాయి. అలాంటప్పుడు ఈ రోజు రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు చెప్పే జవాబులో, ఆమె గత రెండు వారాలు చేసిన పగటి డ్యూటీ కూడా కలిసిపోయి ఉంటుంది. నీవు పోలుస్తున్నది రాత్రినీ పగలునూ అనుకుంటున్నావు, స్కేలు కొలుస్తున్నది మాత్రం రెండూ కలిసిన నెలను. మీ ఆసుపత్రిలో రోస్టర్ ఎలా మారుతుందో, గత 30 రోజులలో ఒక్కొక్కరు ఎన్ని రాత్రులు చేశారో డ్యూటీ రిజిస్టర్‌లో దొరుకుతుంది. ఆ అంకె తీసుకుని, రెండు గుంపులుగా కాకుండా రాత్రుల సంఖ్యకూ స్కోరుకూ ఉన్న సంబంధాన్ని చూస్తే నీ అధ్యయనం ఎంతో గట్టిపడుతుంది. అయితే దీనికి రిజిస్టర్ చూసే అనుమతి ప్రోటోకాల్‌లో లేకపోతే, ముందుగా ఎథిక్స్ కమిటీకి సవరణ పత్రం ఇవ్వాలి.

బీపీ విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. చాలా ఆసుపత్రులలో పగటి షిఫ్టులు ఆరు గంటలవి, రాత్రి షిఫ్టు ఎనిమిది నుంచి ఎనిమిది దాకా పన్నెండు గంటలది. అంటే డ్యూటీ ముగిసిన వెంటనే అన్నప్పుడు ఒకరికి మధ్యాహ్నం రెండు గంటలు, ఇంకొకరికి తెల్లవారిన ఎనిమిది. ఒకరు ఆరు గంటలు నిలబడ్డారు, ఇంకొకరు పన్నెండు గంటలు. ఆరోగ్యంగా ఉన్నవారిలో రాత్రి నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం దాకా తగ్గి, మేలుకునే వేళకు మళ్లీ పెరుగుతుంది. ఆ తగ్గుదలే లేకుండా రాత్రంతా మెలకువగా ఉన్న మనిషికీ, రాత్రి నిద్రపోయి వచ్చిన మనిషికీ మధ్య కనిపించే తేడాను నేరుగా ఒత్తిడికి ఆపాదించలేము. ఈ సంగతిని దాచకుండా, కొలిచిన వేళనూ షిఫ్టు నిడివినీ పద్ధతుల భాగంలో ఒక్క వాక్యంగా రాస్తే పరిశీలకుడికి నీ మీద నమ్మకం పెరుగుతుంది.

ఇంకొక మాట. 0 నుంచి 40 దాకా ఉండే ఈ స్కోరును 13 వరకు తక్కువ, 26 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం అని విభజించి శాతాలు ఇచ్చే ఆబ్‌స్ట్రాక్టులు మా దగ్గరకు చాలా వస్తాయి. 1983లో ఈ స్కేలు తొలి రూపాన్ని తయారుచేసిన షెల్డన్ కోహెన్ బృందం అలాంటి హద్దులేవీ పెట్టలేదు. ఇది రోగ నిర్ధారణ సాధనం కాదు, గుంపులను పోల్చడానికి పనికొచ్చే కొలత. సగటునూ, స్కోర్లు దాని చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనాన్నీ ఇస్తే చాలు.

పదాల విషయానికి వస్తే, నేపథ్యానికి 40 పదాలు మించనివ్వకు. ఒత్తిడి ఆరోగ్యానికి హానికరమని ఒత్తిడి సదస్సులో చెప్పనవసరం లేదు. లక్ష్యం ఒక్క వాక్యం. పద్ధతులకు 75, ఫలితాలకు 95, ముగింపుకు 30 పదాలు కేటాయించి, ముందుగా ఫలితాలు రాసి, ఆ తర్వాతే మిగిలినవి రాయి. 1936లో ఒత్తిడి పరిశోధకుడు హాన్స్ సెల్యే నేచర్ పత్రికకు రాసిన లేఖ ఒక పేజీకి మించదు. ఎలుకలను చలికి, గాయానికి, అతి వ్యాయామానికి, రకరకాల మందులకు గురిచేసినప్పుడు ఎడ్రినల్ గ్రంథులు పెరగడం, థైమస్ కుంచించుకుపోవడం, జీర్ణాశయంలో పుండ్లు పడడం అందులో ఉన్నాయి. ఏం చేశాడో, ఏం చూశాడో చెప్పడానికి ఆయనకు ఆ చోటు సరిపోయింది.


సమాధానం 2 — క్లినికల్ బయోకెమిస్ట్, హైదరాబాద్

కార్టిసాల్ గురించి మాత్రం నేను గట్టిగానే చెప్పదలచుకున్నాను: ఆ 30 ఫలితాలను ఈ ఆబ్‌స్ట్రాక్టులో పెట్టకండి.

కార్టిసాల్ గడియారాన్ని మాత్రమే అనుసరించే హార్మోన్ కాదు, నిద్రనూ మెలకువనూ కూడా అనుసరిస్తుంది. అర్ధరాత్రి వేళ అత్యల్పంగా ఉండి, తెల్లవారుజాము నుంచి పెరుగుతూ, నిద్ర లేచిన తర్వాత సుమారు 30 నుంచి 45 నిమిషాలలో మరింత ఎగసి, ఆపైన రోజంతా తగ్గుతూ వస్తుంది. పగటి డ్యూటీకి వచ్చే నర్సు ఆరింటికి లేచి ఎనిమిదింటికి రక్తం ఇచ్చిందనుకోండి, ఆమె ఆ శిఖరాన్ని దాటి దిగుతున్న దశలో ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసిన ఆమె అదే ఎనిమిదింటికి అసలు నిద్రపోకుండా, లేదా మూడింటికి ఒక గంట కునుకు తీసి రక్తం ఇస్తుంది. గోడ మీద గడియారంలో సమయం ఒకటే, శరీరాల లోపలి సమయం ఒకటి కాదు. ఈ రెండు అంకెల మధ్య వచ్చిన తేడా ఒత్తిడిదా, నిద్ర లేమిదా, నమూనా తీసిన దశదా అని విడదీయడం ఎవరి వల్లా కాదు.

దానికి తోడు, రక్తంలో మనం సాధారణంగా కొలిచేది మొత్తం కార్టిసాల్. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో దాన్ని మోసుకుపోయే ప్రొటీన్ పెరుగుతుంది కాబట్టి, ఒత్తిడితో సంబంధం లేకుండానే అంకె పెరుగుతుంది. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారిలో తగ్గవచ్చు. ఈ వివరాలు అడిగి రాసుకున్నారా? లేకపోతే ఆ ఫలితాలను అర్థం చేసుకునే మార్గం లేదు. తర్వాతి దశలో ఈ పని కొనసాగించాలనుకుంటే, షిఫ్టులు మారేవారికి వెంట్రుకలలో కార్టిసాల్ కొలవడం మంచి దారి. తల వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, చర్మానికి దగ్గరి మూడు సెంటీమీటర్లు గత మూడు నెలల స్థూలమైన లెక్కను ఇస్తాయి. నమూనా తీసిన గంటతో పెద్దగా నిమిత్తం ఉండదు. అది ఖర్చుతో కూడిన పని, థీసిస్ దశలో ఎవరూ మీ నుంచి దాన్ని ఆశించరు.


సమాధానం 3 — బయోస్టాటిస్టిక్స్ బోధించే వ్యక్తి, విశాఖపట్నం

140 మందితో పంపవచ్చు, కానీ సదస్సు నియమావళి ముందుగా చదవండి. పూర్తికాని పనిని కొన్ని సదస్సులు స్వీకరిస్తాయి, కొన్ని స్పష్టంగా నిరాకరిస్తాయి. “ఫలితాలు సదస్సులో చర్చించబడతాయి” అని మాత్రం ఎప్పుడూ రాయవద్దు. ఆ వాక్యం ఉన్నదాన్ని చాలామంది పరిశీలకులు అక్కడితోనే పక్కన పెడతారు. “ప్రణాళికలోని 200 మందిలో ఇప్పటివరకు 140 మంది పూర్తయ్యారు, సేకరణ కొనసాగుతోంది” అని రాస్తే అది నిజాయతీ గల మధ్యంతర ఫలితం అవుతుంది. మధ్యలో చూసిన ఫలితం అనుకూలంగా ఉందని సేకరణ ఆపేయకూడదు, ప్రతికూలంగా ఉందని పొడిగించనూ కూడదు. పదే పదే చూసి, పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే ఎక్కువ తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.05 కిందికి దిగిన రోజున ఆగేవారికి లేని తేడా కూడా ఉన్నట్టు కనిపించే అవకాశం బాగా పెరిగిపోతుంది. 200 అని రాశారు కాబట్టి 200 దాకా వెళ్లండి. సదస్సు రోజున తుది అంకెలు మారితే, మారాయని పోస్టర్ మీదే చెప్పండి.

ఫలితాలలో పీ విలువ ఒక్కటే రాయవద్దు. రెండు గుంపుల సగటు స్కోర్ల మధ్య తేడా 2.4 వచ్చిందనీ, దాని 95 శాతం విశ్వాస అంతరం (అసలు తేడా ఉండగల పరిధి) 0.3 నుంచి 4.5 అనీ అనుకుందాం. ఈ మూడు అంకెలు చూసినవారికి తేడా ఉందనీ, కానీ అది చాలా చిన్నదీ కావచ్చు, చెప్పుకోదగ్గదీ కావచ్చునని వెంటనే అర్థమవుతుంది. పీ విలువ అంత చెప్పదు. వయసు సంగతి కూడా చూడండి: చాలాచోట్ల కొత్తగా చేరినవారికీ కాంట్రాక్టు నర్సులకూ రాత్రులు ఎక్కువ పడతాయి. వయసుతో బీపీ పెరుగుతుంది కనుక, రాత్రి గుంపులో చిన్నవారు ఎక్కువగా ఉంటే నిజమైన తేడా దాక్కుపోవచ్చు. వయసుకూ ఉద్యోగ స్వభావానికీ సర్దుబాటు చేసిన లెక్క ఇవ్వండి.

చివరగా ఒక చిన్న పరీక్ష ఈ రోజే చేయండి. ఈ స్కేలులో 4, 5, 7, 8 ప్రశ్నలు సానుకూలంగా అడుగుతాయి, వాటి మార్కులను తిరగవేసి (0ను 4గా, 4ను 0గా) కలపాలి. ఆ నాలుగింటినీ తిరగవేయకుండా కలిపిన థీసిస్‌లు నా దగ్గరకు వచ్చాయి. అలాంటప్పుడు క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) అనూహ్యంగా తక్కువ వస్తుంది, విద్యార్థులేమో తెలుగు అనువాదం బాగాలేదని అనుకుంటారు.


సమాధానం 4 — గత ఏడాది ఇలాంటి సదస్సులో పోస్టర్ పెట్టిన పీజీ, తిరుపతి

రెండు ఆచరణ విషయాలు చెబుతాను అక్కా. రచయితల పేర్లు కనిపించకుండా పరిశీలించే సదస్సు అయితే ఆబ్‌స్ట్రాక్టులో మీ కళాశాల, ఆసుపత్రి పేరు రాయకూడదు. “కోస్తా ఆంధ్రలోని ఒక బోధనాసుపత్రి” అంటే చాలు. నర్సులు తక్కువగా ఉన్న ఐసీయూ వంటి విభాగాన్ని విడిగా చూపిస్తే, ఎవరి స్కోరో అక్కడివారు ఊహించగలరు. అది వారికిచ్చిన గోప్యత హామీకి విరుద్ధం. గడువు చివరి రాత్రి దాకా ఆగకండి. వర్డ్ ఫైలు నుంచి అతికించినప్పుడు ప్లస్-మైనస్ గుర్తులు పోర్టల్‌లో చెదిరిపోయి, నా ప్రామాణిక విచలనాలన్నీ ప్రశ్న గుర్తులుగా మారాయి. సమయం ఉండబట్టే దిద్దుకోగలిగాను.


ప్రశ్న అడిగినవారు

సార్, మేడమ్, అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఈ మూడు రోజులలో చేసినవి చెబుతాను. తిరగవేయాల్సిన నాలుగు ప్రశ్నలలో 7వ దాన్ని నేను తిరగవేయలేదని తేలింది, సరిచేశాను. మా దగ్గర రోస్టర్ 15 రోజులకు మారుతుంది, కాబట్టి వరంగల్ సార్ చెప్పింది అక్షరాలా నా డేటాకు వర్తిస్తుంది. గత 30 రోజుల రాత్రుల సంఖ్య తీసుకోవడానికి ఎథిక్స్ కమిటీకి సవరణ పత్రం ఇచ్చాను. అనుమతి గడువులోగా రాదు కనుక, ఈ ఆబ్‌స్ట్రాక్టులో రోస్టర్ మారుతుందన్న విషయాన్ని పరిమితిగా రాస్తున్నాను. మాత్రలు, ఇన్‌హేలర్ల వివరాలు నేను అడగలేదు, అందుకని కార్టిసాల్ తీసేశాను. గైడ్ గారికి ఈ సమాధానాలు చూపించాను. ఆయన ఓపికగా చదివి, శీర్షికలోనే “క్రాస్ సెక్షనల్ అధ్యయనం” అని చేర్చమన్నారు.

ముగింపు ఇప్పుడు ఇలా ఉంది: “సర్వే సమయంలో రాత్రి డ్యూటీలో ఉన్న నర్సులు, పగటి డ్యూటీలో ఉన్నవారికంటే ఎక్కువ ఒత్తిడి స్కోరు నమోదు చేశారు. రోస్టర్ 15 రోజులకు మారడం వల్ల ఈ తేడాను రాత్రి డ్యూటీ ప్రభావంగా పరిగణించలేము. నెలలో చేసిన రాత్రుల సంఖ్య ఆధారంగా విశ్లేషించాల్సిన అవసరం ఉంది.”


సమాధానం 1 రాసిన అధ్యాపకుడు

అమ్మా, చాలా బాగుంది. ఒక్క మార్పు చెయ్యి: రెండవ వాక్యంలో “రాత్రి డ్యూటీ ప్రభావంగా” అన్న చోట “రాత్రి డ్యూటీ ఒక్కదాని ప్రభావంగా” అని రాయి. ప్రభావం లేదని కూడా నీ డేటా చెప్పలేదు. బీపీ ఫలితం ముగింపులో లేకపోయినా పర్వాలేదు, ఫలితాల భాగంలో కొలిచిన వేళతో సహా ఉంచు. ఎంపికైతే పోస్టర్ నమూనా ఇక్కడ పెట్టు, చూస్తాను.