ఎనిమిది భాగాల సిరీస్: కథ ఏ భాగానికి ఆ భాగం ముగియాలా, చివరిదాకా సాగాలా?

రాజోలు కుర్రాడు:
మేం నలుగురం కలిసి ఒక సైన్స్ ఫిక్షన్ సిరీస్ రాస్తున్నామండి. కథంతా అంతర్వేది దగ్గర రొయ్యల చెరువుల మీద. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిన రాత్రల్లా, అక్కడ కాపలా ఉండే రమణకి నీళ్లలోంచి ఏదో సంకేతం వినిపిస్తుంది. అదెక్కడిదో చివర్లోగానీ తేలదు. మధ్యలో భాగానికో చిన్న కథ ఉండాలని నేను, అన్నీ ఆ సంకేతం చుట్టూనే తిరగాలని మావాళ్లు. ఐదో భాగం దగ్గర ఆగిపోయాం.

పాలకొల్లు నుంచి:
నాది మీ మాటేనండి. కథ ఆ భాగంలోనే ముగియాలి, దాని దెబ్బ మాత్రం ముగియకూడదు. అమెరికా అంతరిక్ష టీవీ సిరీస్ ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’లో 1992 నాటి ‘ది ఇన్నర్ లైట్’ అనే భాగం చూడండి. అందులో నౌక కెప్టెన్ పికార్డ్ స్పృహ తప్పిన అరగంటలోపే వేరే గ్రహం మీద ఒక జీవితమంతా బతికేస్తాడు. భార్య, పిల్లలు, ముసలితనం, అన్నీ. ముందు భాగాలేవీ చూడకపోయినా ఏడుపొస్తుంది. చివరికి అతని దగ్గర ఒక వేణువు మిగులుతుంది. మరుసటి ఏడాది ‘లెసన్స్’లో, మనసుపడ్డ మనిషికి ఆ వేణువు సంగతి చెప్పుకుంటాడు. అప్పట్లో ఆ సిరీస్‌ని ఏ ఊరి టీవీ స్టేషన్ ఆ ఊరికి కొనుక్కుని వేసుకునేది. చూసేవాళ్లు ఏ వారం తప్పిపోతారో తెలీదు కాబట్టి కథలు విడిగా నిలబడాల్సిందే. ఆ కట్టుబాటులోనే ఇంత చేశారు.

భీమవరం నుంచి:
నేనొప్పుకోను. ‘బాబిలోన్ 5’ అనే ఇంకో అంతరిక్ష సిరీస్‌కి దాని సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీ ఐదేళ్ల కథ ముందే అనుకున్నాడు, 110 భాగాల్లో 92 తనే రాశాడు. మొదటి సీజన్ ‘బాబిలోన్ స్క్వేర్డ్’లో పడిన ముడి మూడో సీజన్ ‘వార్ వితౌట్ ఎండ్’లోగానీ విప్పలేదు. ఆ ఎదురుచూపే నాకు ప్రాణం. ఎనిమిది భాగాల్లో పక్కకథలకి చోటెక్కడుందండీ?

పాలకొల్లు నుంచి:
చోటు తక్కువన్నది నిజమే. అందుకే పక్కకథ వద్దు, రమణ కథే పెట్టమంటున్నా. రాజోలు తమ్ముడూ, ఐదో భాగంలో సంకేతం కోసం రమణే ఏరేటర్లు ఆపేస్తే? తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలుతుంది. పంట పోతుంది, ఆ రాత్రి కథ అక్కడితో అయిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది దాకా రమణ ఆ చెరువు రైతు మొహం చూడలేడు. ఇంతకీ ఆ రైతు పాత్ర మీలో ఎవరు రాస్తున్నారు? ఆయనకి అప్పులున్నట్టు మొదటి భాగంలోనే చూపించండి, లేకపోతే ఇక్కడ బలం రాదు.