ఊలు పూల పార్సిల్: శనివారంలోగా తేలాలి

తార్నాక నుంచి, సోమవారం రాత్రి
అందరికీ నమస్కారం. డల్లాస్ బతుకమ్మ సంబరంలో మన బడి పిల్లల స్టాలుకు పంపవలసిన పువ్వులు శనివారం పార్సిల్ కావాలి, ఆ తరువాత బడికి దసరా సెలవులు కనుక పనుల జాబితా మళ్లీ పెడుతున్నాను: ధర చీటీలు, తరగతి మాత్రమే రాసిన కార్డులు, బడి గ్రంథాలయానికి కావలసిన డబ్బు వివరంతో పోస్టరు, చివరగా ప్యాకింగు. ఇవాళ ఒకటో తరగతివారితో నలభై బంతిపూలు పూర్తయ్యాయి. వేళ్లకు చుట్టిస్తే ఊలు బిగుసుకుని ఎర్రబడుతున్నాయి కాబట్టి అట్టముక్కకు అరవై చుట్లు చుట్టిస్తున్నాం. ఒక బాబు "ఇరవై తొమ్మిది, ఇరవై పది, ఇరవై పదకొండు" అంటూ పోతాడు. అతని పువ్వులే అన్నిటికన్నా బొద్దుగా ఉన్నాయి. నడుమ ముడి మాత్రం పెద్దవాళ్లే బిగించాలి, లేకపోతే అంచు కత్తిరించగానే రేకులన్నీ రాలిపోతాయి.

కూకట్‌పల్లి నుంచి, మంగళవారం మధ్యాహ్నం
ముందు ఈ సంగతి చూడండి. పెట్టె తూకం నాలుగు కిలోలే అయినా, కొరియరువారు పొడవు 60, వెడల్పు 40, ఎత్తు 40 సెంటీమీటర్లను హెచ్చవేసి 5000తో భాగించి, 19.2 కిలోలకు డబ్బు కట్టమన్నారు. తేలికపాటి సరుకు ఎక్కువ చోటు తింటే చోటుకే లెక్కట. మన దగ్గర మిగిలిన సొమ్ము అందులో మూడో వంతుకు కూడా చాలదు.

డల్లాస్ నుంచి, మంగళవారం
ఇక్కడ స్టాలు రుసుము కట్టేశాం, కరపత్రంలో హైదరాబాదు పిల్లల ఊలు బతుకమ్మ అని అచ్చువేశాం. ఈ లెక్క నెల కిందటే ఎవరైనా కనుక్కోవలసింది.

తార్నాక నుంచి, మంగళవారం
అన్నయ్యా, నెల కిందట "ఊలుకు బరువేముంటుంది, ఎన్నయినా పంపండి" అని రాసింది మీరే. బేగంబజారులో ఉండ ఉండకూ బేరమాడి, రోజూ ముప్ఫై మంది పిల్లల మధ్య కత్తెరలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాళ్లను ఇప్పుడు ఎందుకు కనుక్కోలేదనడం న్యాయం కాదు.

డల్లాస్ నుంచి, బుధవారం
నిజమే చెల్లెమ్మా, ఆ మాట నాదే. కరపత్రం చూసుకుని కంగారులో రాశాను, మన్నించండి.

మల్కాజిగిరి నుంచి, బుధవారం
మా వియ్యంకులు శుక్రవారం రాత్రి డల్లాస్ వెళ్తున్నారు. వారి టికెట్టుకు మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి. పెట్టె కొలత హద్దు దాటకపోతే విమానంవారు చూసేది బరువే. పచ్చడి సీసాల చుట్టూ ఈ పూలు కుక్కితే సీసాలకూ రక్షణగా ఉంటుందని మా వియ్యపురాలు అంటున్నారు.

కూకట్‌పల్లి నుంచి, బుధవారం
వారికి నమస్కారాలు చెప్పండి, పచ్చళ్ల పక్కన మాత్రం వద్దండీ. ఆవకాయ నూనె ఒక్క చుక్క తగిలినా తెల్ల పువ్వులు పనికిరావు. దిండు గలీబుల్లో నొక్కి కట్టి వేరే పెట్టెలో పెడదాం. గునుగు పూలకని చేసిన పొడవాటి కుచ్చులు పల్చగా పరుచుకుంటాయి గనుక చిన్న కవరులో కొరియరుకే ఇస్తే మన డబ్బు సరిపోతుంది.

డల్లాస్ నుంచి, గురువారం
అమ్మకానికి తెచ్చిన సరుకని ఇక్కడి కస్టమ్స్‌వారికి దాచకుండా చెప్పమనండి. నలిగిన పూలను ఇస్త్రీతో సర్దవచ్చునా?

తార్నాక నుంచి, గురువారం రాత్రి
వద్దు అన్నయ్యా. ఇది గొర్రె ఉన్ని కాదు, ఆక్రిలిక్. వేడి తగిలితే జీవం పోయి వేలాడుతుంది. విప్పి, దులిపి, ఒక రాత్రి పళ్లెంలో వదిలేస్తే లేస్తాయి, నేను చూశాను. నీలం దారం కట్టిన గలీబు ముందు విప్పండి. అందులో ఉన్నవి తంగేడు రంగువి, అడుగు వరుసకు. పైన గౌరమ్మను అక్కడే పసుపుతో చేసుకోండి. రేపు అయిదింటికి మల్కాజిగిరి చేరుస్తాను. ఇంకో రెండు గలీబులు ఎవరైనా తెస్తారా?