ఆనందపురం–పద్మనాభం రోడ్డు పక్క వయ్యారిభామ: కోసిన నెలకే మళ్లీ పూత
(ఆన్‌లైన్ చర్చ; ప్రతి మాట ముందున్నది రాసినవారి మారుపేరు)

గోస్తని గట్టు:
విశాఖ జిల్లా ఆనందపురం నుంచి పద్మనాభం వైపు రోడ్డుకి రెండు పక్కలా వయ్యారిభామ (పార్థీనియం కలుపు) నడుమెత్తు పెరిగింది. మలుపుల్లో ఎదురొచ్చే బండి కనబడటం లేదు. బ్రష్ కట్టర్‌తో కోయిస్తే నెల తిరక్కుండా పొట్టిగా చిగిర్చి మళ్లీ పూస్తోంది. పంచాయతీ తరఫున రెండు కిలోమీటర్ల మేర, పక్కకి రెండు మీటర్ల వెడల్పున శుభ్రం చేయాలి. రోడ్డుని ఆనుకుని వంగ, టమాటా, చామంతి మడులున్నాయి. మందు కొట్టవచ్చా? ఏ నెలలో మొదలుపెట్టాలి? అక్కడక్కడా సర్కారు తుమ్మ కూడా ఉంది.

బొరిగె:
పూత మీద కోస్తే పని రెట్టింపవుతుందండీ. వయ్యారిభామ మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పూతకొస్తుంది. బాగా ఎదిగిన ఒక్క మొక్క పది వేల నుంచి పాతిక వేల గింజలు రాలుస్తుంది. బ్లేడు తిరిగితే ఆ గింజలు మార్జిన్ పొడవునా చిమ్ముతాయి. మొదలు నేలలోనే ఉంది కాబట్టి పక్క కొమ్మలు వేసి, జానెడు ఎత్తులోనే పూసేస్తుంది.

మన దగ్గర జూన్ వానలకి ఒక దఫా మొలుస్తుంది, అక్టోబరు–నవంబరు వాయుగుండాల వానలకి ఇంకో దఫా. రెండో దఫాని వదిలేయడం వల్లే చాలాచోట్ల మొదటి దఫా పని వృథా అవుతోంది. తొలి వాన పడ్డ మూడో వారంలో ఒకసారి పీకించాలి, మరో మూడు వారాలకి మిగిలినవాటిని ఇంకోసారి. అక్టోబరు వానల తర్వాత మళ్లీ ఇదే వరస.

ఆకులు నేలకి పరుచుకుని ఉన్నప్పుడు చేతికి పట్టు దొరకదు, బొరిగెని రెండంగుళాలు దించి తల్లివేరుతో లేపాలి. కాండం జానెడు లేచాక తడి నేలలో చేత్తో పీకినా వస్తుంది. నేల ఆరితే మెడ దగ్గర తెగి, మళ్లీ చిగురిస్తుంది. రబ్బరు గ్లవుజులు, నిండు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. దద్దుర్లు, ఉబ్బసం ఉన్నవాళ్లని ఈ పనికి దయచేసి పెట్టకండి.

మందు లెక్క:
రెండు పక్కలా రెండేసి మీటర్లంటే కిలోమీటరుకి దాదాపు ఎకరం. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండో పదమూడో.

పూతకు ముందు 2,4-డి సోడియం సాల్ట్ అనే కలుపు మందు లీటరుకి 8 గ్రాములు, ట్యాంకుకి 128. వెడల్పాకు కలుపు పోయి గరిక మిగులుతుంది, అది నేలని కప్పుతుంది. కానీ వంగ, టమాటా, చామంతి కూడా వెడల్పాకువే. తుంపర గాలికి వాటి మీద పడిందంటే లేతాకులు మెలితిరిగిపోతాయి. కాబట్టి మడుల పక్క మందు వద్దే వద్దు, పీకించండి. పొలాల్లేని చోట కూడా తెల్లవారి గాలి లేనప్పుడు, నాజిల్‌కి హుడ్ తొడిగి, మోకాలి ఎత్తు దాటకుండా కొట్టాలి. ఎండెక్కితే సముద్రపు గాలి లేస్తుంది. ఆ పంపుని మళ్లీ కూరగాయలకి వాడకండి.

గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపు మందు గడ్డినీ చంపుతుంది. ఖాళీ అయిన నేలలో ముందు మొలిచేది మళ్లీ వయ్యారిభామే, అందుకే రోడ్డు మార్జిన్‌కి అది సరిపడదని నా అభిప్రాయం. పైగా 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల (చీడపీడల నివారణకి లైసెన్సున్నవాళ్ల) ద్వారానే వాడాలని ఆంక్ష పెట్టింది. నీళ్లున్న కాలవల్లో ఏ మందూ వద్దు.

గోస్తని గట్టు:
ఇప్పటికే పూసినవాటిని ఏం చేయమంటారు? ఉప్పునీళ్లు చాలని కొందరంటున్నారు.

మందు లెక్క:
లీటరుకి 200 గ్రాముల ఉప్పు, 2 మి.లీ. సబ్బు ద్రావణం కలిపి మంచి ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ఆ లెక్కన ఎకరానికి 40 కిలోల ఉప్పు! కిలోమీటరు రాయి చుట్టూ ఉన్న గుబురుకైతే సరే. రోడ్డంతా కొడితే వానకి మడుల్లోకే దిగుతుంది.

బొరిగె:
పూసినవాటిని పీకగానే ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి, మూతి కట్టి, మీటరు లోతు గోతిలో పూడ్చండి. ట్రాక్టరు తొట్టిలో విప్పి పోస్తే దారంతా విత్తినట్టే. తగలబెట్టొద్దు, పొగకి రోడ్డు కనబడక ప్రమాదాలవుతాయి. పూత రానివాటిని పేడనీళ్లు, మట్టి పొరలుగా వేసి గోతిలో నాలుగైదు నెలలు మగ్గిస్తే ఎరువవుతుంది.

తగిరిస:
ఖాళీ చేసిన నేలని ఖాళీగా ఉంచకండి. వయ్యారిభామకి పోటీగా పెరిగే తగిరిస మొక్క కాయలు నవంబరు–డిసెంబరులో ఎండుతాయి, అప్పుడే గింజ సేకరించి పెట్టుకోండి. పెంకు గట్టిది, ఇసుకతో నలిపి తొలకరికి ముందు చల్లాలి. ఎకరానికి నాలుగైదు కిలోలు, ఒత్తుగానే పడాలి. మలుపుల్లో మాత్రం వద్దు, అదీ ఎదిగి చూపుకి అడ్డమే. అక్కడ గరిక చాలు.

మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన జైగోగ్రామా పెంకు పురుగు వానాకాలంలో ఆకుని బాగా తింటుంది, చలికాలానికి మట్టిలోకి దిగిపోతుంది. అది తింటున్న గుబుర్ల మీద మందు కొట్టకండి. దాని మీదే ఆధారపడితే మాత్రం రోడ్డు పక్క పని సాగదు.

మార్జిన్‌కి తోలే గ్రావెల్ ఎక్కడిదో కూడా చూడండి. క్వారీ దగ్గర వయ్యారిభామ ఉంటే ప్రతి లోడుతో గింజ వస్తుంది. పీకడానికి రైతుల సాయం అడిగేటప్పుడు వాళ్లకి ఒక మాట చెప్పండి: 2000లో అనంతపురం జిల్లా వేరుశనగని ముంచిన కాండం కుళ్లు తెగులు వైరస్‌ది, ఆ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉండి తామర పురుగుల వల్ల పంటకి చేరుతుంది.

గునపం:
సర్కారు తుమ్మని నేలమట్టానికి నరికితే పది పిలకలేస్తుంది, మొగ్గలు నేల కింద మొదట్లోనే ఉంటాయి. చుట్టూ తవ్వి అడుగు లోతున వేరు తెంపాలి. చేతి మందం దాటితే జేసీబీయే గతి. తారు అంచుకి దగ్గర తవ్వాలంటే రోడ్డు ఏ శాఖదో ఆ ఇంజినీరు అనుమతి ముందే తీసుకోండి. గోతిని అరడుగు పొరలుగా తడిపి దిమ్మిస చేయకపోతే వానకి మార్జిన్ కుంగుతుంది. కాయ పండకముందే ఇదంతా ముగించాలి. పశువులు కాయ తింటే పేడతో గింజ ఊరంతా మొలుస్తుంది.