పరిశీలన రికార్డు మూడోసారి కూడా వెనక్కి వచ్చింది, డీపీఎస్‌ఈ (ప్రీస్కూల్ టీచరు డిప్లొమా) తెలిసినవాళ్ళు చూసి చెప్తారా?

పలకబలపం:
డీపీఎస్‌ఈ మొదటి సంవత్సరం. ప్రాక్టికమ్‌లో (పిల్లల మధ్య ఉండి చేసే ప్రాక్టికల్ పనిలో) ముగ్గురు పిల్లల్ని ఎంచుకుని ఒక్కొక్కరి మీద 5 పరిశీలన రికార్డులు రాయాలి. నేను రాసినవన్నీ "ఇది పరిశీలన కాదు, అభిప్రాయం" అని ఎర్ర పెన్నుతో రాసి తిప్పి ఇచ్చారు. ఒకటి ఇక్కడ పెడుతున్నాను, పాప పేరు మార్చాను:

"చిన్ని చాలా చలాకీ పాప. ఈ రోజు బ్లాకులతో ఆనందంగా ఆడుకుంది. తోటి పిల్లలతో పంచుకోవడం ఇంకా రాలేదు. కాస్త మొండితనం ఉంది. సూక్ష్మ కండరాల వికాసం బాగుంది."

ఇందులో తప్పేంటో నాకు అర్థం కావట్లేదు. ఇంకో రెండు సందేహాలు. బోధనోపకరణాలు 10 చేయాలి, చార్టులు లెక్కలోకి రావన్నారు. చింతపిక్కలు, గవ్వలు, గురివింద గింజలతో లెక్కల పెట్టె చేద్దామనుకుంటున్నాను, సరిపోతుందా? వైవాలో (నోటి పరీక్షలో) ఎత్తు, బరువు, జబ్బ చుట్టుకొలత తీసి చూపించమంటారట. అందులో ఏ తప్పులు పట్టుకుంటారు?

ఉగ్గుగిన్నె:
ఎర్ర పెన్ను సరిగ్గానే పడిందమ్మా. మీరు రాసిన అయిదు వాక్యాల్లో చిన్ని చేసిన పని ఒక్కటే ఉంది: బ్లాకులతో ఆడింది. మిగతావన్నీ మీ తీర్పులు. "చలాకీ" అని మీరంటే "అబ్బే, అల్లరి" అని ఇంకొకరంటారు. ఎవరిది నిజమో తేల్చడానికి కాగితం మీద ఆధారం ఏదీ లేదు. అదే ఆటని ఇలా రాసి చూడండి (మీరు చూసింది నాకు తెలియదు కాబట్టి ఇది కల్పించిన నమూనా):

"ఆగస్టు 12, ఉదయం 10.20 నుంచి 10.32. బ్లాకుల మూల. చిన్ని, 3 ఏళ్ళ 7 నెలలు. పక్కన ఇంకో ఇద్దరు పిల్లలు. చిన్ని చెక్క బ్లాకులు ఒకదాని మీద ఒకటి 6 పేర్చింది. ఏడోది పెడుతుంటే అన్నీ పడ్డాయి. కాసేపు చూసి, పెద్దవి కింద పెట్టి, చిన్నవి పైన పెడుతూ మళ్ళీ మొదలుపెట్టింది. 8 నిలిచాయి. పక్క బాబు నీలం బ్లాకు మీద చెయ్యి వేస్తే, దాన్ని రెండు చేతులతో ఒళ్ళోకి లాక్కుని 'ఇది నా ఇల్లుది, నీది గాదు' అంది. బాబు లేచి గోడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. చిన్ని అటు చూసింది. ఇంకో నీలం బ్లాకు వెతికి తీసుకెళ్ళి అతని ముందు పెట్టి, తిరిగొచ్చి పేర్చుకోసాగింది."

ఇప్పుడు "పంచుకోవడం రాలేదు" అనే మాట నిలబడుతుందా? లాక్కున్నంతవరకే చూసి కలం మూసేస్తే ఆ తీర్పే మిగులుతుంది. తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. గొడవ కాగానే మన కళ్ళు పక్కకి వెళ్ళిపోతాయి. అనుకున్న సమయం పూర్తయ్యేదాకా కదలొద్దు.

రాసే పద్ధతి చెప్తాను. పేజీని మూడు భాగాలు చేయండి. ఎడమవైపు సగానికి పైగా చూసింది, విన్నది మాత్రమే. మధ్యలో మీకు అర్థమైంది, రెండు మూడు వాక్యాలు, ప్రతి వాక్యానికీ ఎడమవైపు ఆధారం ఉండాలి. "కూలిన తర్వాత పద్ధతి మార్చింది కాబట్టి పెద్ద, చిన్న తేడాని బరువుతో కలిపి ఆలోచిస్తోంది" అన్నట్టు. చివర్లో రేపు ఆ పిల్లకి ఏం ఇస్తారు: "వేర్వేరు పొడవుల పలకలు ఇచ్చి వంతెన కట్టే అవకాశం కల్పించాలి." ఈ మూడో భాగం ఖాళీగా వదిలేస్తే రికార్డు ఎంత బాగున్నా మార్కులు తగ్గుతాయి.

పిల్లలముందు పెద్ద రికార్డు పుస్తకం తెరవకండి. జేబులో పట్టే చిన్న పుస్తకంలో ముక్కలు ముక్కలుగా రాసుకోండి: "6, పడె, పెద్దవి కింద, 8, నీలం-లాగె." అదే రోజు సాయంత్రం సాపు రాయాలి. రెండు రోజులాగితే సంఖ్యలు పోయి విశేషణాలు మిగులుతాయి.

వయసు ఏళ్ళు, నెలల్లో రాయాలి. "3 ఏళ్ళు" అని ఊరుకుంటే 3 ఏళ్ళ 1 నెలా, 3 ఏళ్ళ 11 నెలలూ ఒకటైపోతాయి. ఆ వయసులో పది నెలల తేడా చాలా పెద్దది.

పిల్ల మాటని దిద్దొద్దు. "గాదు" అంటే "గాదు" అనే రాయండి. ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడే పిల్లయితే విన్న ధ్వనిని తెలుగు లిపిలో రాసి, అర్థం పక్కన పెట్టండి. భాషా వికాసం గురించి మీరు రాయబోయేదానికి ఆధారం ఆ మాటే. పుస్తక భాషలోకి మార్చేస్తే చెప్పడానికేమీ ఉండదు.

సాపు రాశాక ఎడమ భాగం చదివి చలాకీ, మొండి, మంచి, బాగా, ఆనందంగా, ఎప్పుడూ, అస్సలు లాంటి మాటలు కొట్టేయండి. "ఆనందంగా" అని ఎందుకనిపించింది? నవ్విందా, పాడుకుందా, గెంతిందా? అది రాయండి.

రాగిజావ:
పై సమాధానానికి చిన్న చేర్పు. 5 రికార్డులూ బ్లాకుల దగ్గరే రాస్తే మళ్ళీ వెనక్కి వస్తాయి. ఒకటి ఉదయం అమ్మ దింపి వెళ్ళేటప్పుడు, ఒకటి భోజనం దగ్గర, ఒకటి బయట ఆటలో, ఒకటి కథ చెప్పేటప్పుడు, ఒకటి స్వేచ్ఛగా ఆడుకునేటప్పుడు తీసుకోండి. వికాసంలోని అన్ని రంగాలూ వాటంతట అవే వచ్చేస్తాయి.

"మొండితనం" అని మీకు అనిపించినదాన్ని వదిలెయ్యక్కర్లేదు, దానికి వేరే పనిముట్టు ఉంది. సంఘటన నమూనా. మూడు గడులు: ముందు ఏం జరిగింది, పిల్ల ఏం చేసింది, తర్వాత ఏం జరిగింది. లాక్కోవడమో కొట్టడమో జరిగిన ప్రతిసారీ టైముతో సహా ఒక వరుస నింపండి. అయిదారు వరుసలయ్యాక నిలువుగా చదవండి. అన్నీ 11.30 తర్వాతే ఉంటే ఆకలేమో చూడాలి. అన్నీ ఒకే బొమ్మ దగ్గరుంటే ఆ బొమ్మ ఒక్కటే ఉండటం కారణం కావచ్చు, ఇంకోటి తెస్తే సగం తగ్గుతుంది. ఏకాగ్రత గురించి రాయాలంటే కాల నమూనా: 20 నిమిషాలపాటు 2 నిమిషాలకోసారి తలెత్తి, ఆ క్షణాన పిల్ల చేస్తున్న పని ఒక మాటలో రాయడం. పది గుర్తులొస్తాయి. పదింట ఏడు ఒకే పని మీద ఉంటే "ఏకాగ్రత ఉంది" అని రాయడానికి మీకో లెక్క దొరికినట్టు.

సీనియర్ల రికార్డులు కాపీ కొట్టే ఆలోచన వద్దు. జులై తేదీ వేసిన పేజీలో పిల్లలు సంక్రాంతి గాలిపటాలు అంటిస్తుంటారు, ఇట్టే దొరికిపోతారు. హాజరు కూడా చూసుకోండి. ఎన్‌సీటీఈ (టీచర్ల శిక్షణకి నియమాలు పెట్టే జాతీయ మండలి) 2014 నిబంధనల ప్రకారం తరగతులకీ ప్రాక్టికమ్‌కీ 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం ఉండాలి.

తొక్కుడుబిళ్ళ:
గురివింద గింజలు వెంటనే పక్కన పెట్టేయండి. చూడటానికి ఎంత ముద్దుగా ఉన్నా అది విషం. పై పెంకు గట్టిది కాబట్టి మింగినా ఏమీ కాదని కొందరు అంటుంటారు. నమలకపోతే సరే, నమిలితే? దండ గుచ్చడానికి మనమే సూదితో బెజ్జం వేస్తే ఆ పెంకు రక్షణా పోయినట్టే. ఆముదం గింజలు కూడా అంతే. రెండూ ప్రీస్కూల్ గడప తొక్కకూడదు.

చింతపిక్కలు, గవ్వలు 4 ఏళ్ళు దాటినవాళ్ళకి మీ కళ్ళ ముందు మాత్రమే. 20 ఇస్తే 20 లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి. ముక్కులో, చెవిలో దూర్చుకోవడం ఈ వయసులో మామూలే. శనగలు, బఠానీలయితే తడికి లోపలే ఉబ్బుతాయి. అలా అయితే ఇంట్లో పుల్లలతో కెలక్కుండా డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాలి.

సైజు తేల్చడానికి ప్లంబింగ్ షాపులో 40 ఎంఎం పీవీసీ పైపు చిన్న ముక్క అడగండి. అందులోంచి జారిపోయే వస్తువేదీ 3 ఏళ్ళలోపు పిల్లల చేతికి రాకూడదు. బొమ్మల భద్రతా పరీక్షలో వాడే గొట్టం దాదాపు 3.2 సెంటీమీటర్లే, ఈ పైపు కాస్త వెడల్పు, అది మనకే మంచిది. నీళ్ళ సీసా మూతలు ఇందులోంచి జారిపోతాయి, గమనించండి. చాలామంది రంగుల వర్గీకరణకి అవే వాడుతుంటారు. వాటి బదులు పచ్చడి జాడీల మూతలు, కొబ్బరి చిప్పలు (అంచులు గరుకు కాగితంతో రుద్ది), గుడ్డ ముక్కలు తీసుకోండి.

చార్టులు ఎందుకొద్దన్నారంటే, చార్టుని టీచరు చూపిస్తుంది, పిల్లలు చూస్తారు, అంతటితో సరి. పిల్ల చేత్తో తిప్పి, తన తప్పు తనే దిద్దుకునేది కావాలి. ఉదాహరణకి శబ్దాల డబ్బాలు: ఒకేలాంటి 6 డబ్బాలు, రెండింట్లో బియ్యం, రెండింట్లో రాగులు, రెండింట్లో గులకరాళ్ళు, మూత చుట్టూ టేపు బిగించి. ఊపి జతలు కలపాలి. జత డబ్బాల అడుగున ఒకే రంగు చుక్క పెడితే తిప్పి చూసుకుంటారు. జతలో రెండింటికీ ఒకే కొలత పోయకపోతే శబ్దం మారిపోయి ఆట చెడుతుంది, చెంచాతో కొలిచి పోయండి.

పిండి ముద్ద కూడా ఒక ఉపకరణంగా పెట్టొచ్చు. మైదా 2 కప్పులు, ఉప్పు 1 కప్పు, నూనె 2 చెంచాలు, నీళ్ళు ముప్పావు కప్పు దాకా, కొద్దికొద్దిగా. నీళ్ళన్నీ ఒకేసారి పోస్తే జిగురైపోతుంది. వానాకాలంలో ఉప్పు తేమ లాగి చెమ్మగిల్లుతుంది, అప్పుడు పిడికెడు మైదా కలపాలి. ఇంత ఉప్పున్న ముద్ద తినేస్తే ప్రమాదం. నోట్లో పెట్టుకునే వయసువాళ్ళకి ఉప్పు లేకుండా గోధుమపిండి, నూనె, నీళ్ళతో కలిపి, సాయంత్రానికి పారేయండి.

తూకంరాయి:
వైవాలో పట్టుకునేవి ఇవే. బరువు: తూకం సున్నా దగ్గరుందో లేదో పిల్ల ఎక్కకముందే చూడటం, చెప్పులు, మందపు బట్టలు తీసేయడం, ముల్లుని కంటికి సమానంగా ఉంచి చదవడం. ఎత్తు: 2 ఏళ్ళలోపు పడుకోబెట్టి, ఆ పైన నిలబెట్టి. రెండేళ్ళు దాటిన పిల్లని పడుకోబెట్టి కొలవాల్సి వస్తే వచ్చినదాంట్లో 0.7 సెంటీమీటరు తీసేయాలి. ఎందుకని అడుగుతారు: నిలబడితే వెన్నెముక కాస్త కుదించుకుంటుంది.

జబ్బ చుట్టుకొలత: ఎడమ చెయ్యి. మోచెయ్యి మడిచి, భుజం ఎముక కొస నుంచి మోచేతి కొస దాకా కొలిచి మధ్యలో గుర్తు పెట్టాలి. కొలిచేటప్పుడు మాత్రం చెయ్యి కిందికి వదులుగా వేలాడాలి. అందరూ ఇక్కడే తప్పుతారు, మడిచిన చేతికే టేపు చుట్టేస్తారు. టేపు చర్మాన్ని నొక్కకూడదు, సందూ ఉండకూడదు. 6 నుంచి 59 నెలల పిల్లల్లో 11.5 సెంటీమీటర్లకి తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం, 11.5 నుంచి 12.5 లోపు ఓ మోస్తరు లోపం. పాదాల వాపు మర్చిపోవద్దు. రెండు పాదాల మీదా బొటనవేలితో 3 సెకన్లు నొక్కి వదిలితే సొట్ట అలాగే నిలిస్తే, చుట్టుకొలత ఎంతున్నా తీవ్ర లోపం కిందే లెక్క.

పలకబలపం:
అందరికీ థాంక్సండీ. గురివిందలు తీసేశాను. ఈ రోజు భోజనం దగ్గర ఒకటి రాశాను: "మధ్యాహ్నం 12.10 నుంచి 12.20. చిన్ని పప్పన్నం కుడిచేత్తో ఎత్తుతుంటే సగం పళ్ళెం బయట పడుతోంది. పడినవి ఏరి పళ్ళెం అంచున పెట్టింది. ఆయా తినిపించబోతే కోపంగా తల తిప్పేసి 'నేనే' అంది. 9 ముద్దలు తింది." ఇంకో ఇబ్బంది, రాస్తుంటే పిల్లలు వచ్చి ఒళ్ళో కూర్చుంటున్నారు.

ఉగ్గుగిన్నె:
ఇది రికార్డే. "కోపంగా" ఒక్కటీ తీసేయండి, తల తిప్పడం, "నేనే" అనడం చాలు.

ఒళ్ళోకి రావడం మొదటి వారంలోనే ఎక్కువ. మొదటి రెండు రోజులు పుస్తకం తీయకుండా ఊరికే నేల మీద కూర్చుని ఆడండి, మీరు వింత కాకుండా పోతారు. తర్వాత గోడకి ఆనుకుని, పిల్లల ఎత్తులో, ప్రతిసారీ అదే చోట కూర్చోండి. ఎవరైనా ఏం రాస్తున్నావని అడిగితే "మీరు ఆడేది రాసుకుంటున్నా" అని నిజమే చెప్పి, వాళ్ళ చేతికీ ఒక కాగితం ముక్క, క్రేయాన్ ఇవ్వండి. ఆ గీతలు పారేయొద్దు. పేరు, తేదీ, వయసు రాసి రికార్డు వెనక అంటించండి. ఎవరైనా పడినా, కొరుక్కున్నా రాయడం ఆపి ముందు పిల్లని చూసుకోండి, పేజీలో "12.14కి ఆపాను" అని రాస్తే చాలు, ఎవరూ మార్కులు తీయరు.