తమ్ముడికి డెంగీ: జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి

మేము ముషీరాబాద్‌లో ఉంటాం. మా తమ్ముడికి 19 ఏళ్లు. ఐదు రోజుల క్రితం జ్వరం మొదలైంది, రెండో రోజే ఎన్‌ఎస్‌1 (డెంగీ రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చింది. నిన్నటి నుంచి జ్వరం లేదు. గండం గడిచిందని అమ్మ ఊపిరి పీల్చుకుంది. కానీ డెంగీలో జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదమని డాక్టరు గారు చెప్పారు. అందుకే నాకు టెన్షన్. ప్లేట్‌లెట్లు మొన్న 1,10,000, ఈరోజు 62,000. వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం లాంటివేమీ లేవు. పారాసిటమాల్, ఓఆర్ఎస్ మాత్రమే ఇస్తున్నాం.

వాడికి మూడేళ్ల క్రితం కూడా డెంగీ వచ్చింది. ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, రెండోసారి వేరే రకం సోకితే ముదిరే అవకాశం ఎక్కువ. నా భయమంతా అదే.

ఇంట్లో ఇలా చూసుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. ప్లేట్‌లెట్లతో పాటు హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పరీక్ష) కూడా రోజూ చేయించారా? మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించి ఆసుపత్రికి పరిగెత్తారు? నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి అర్ధరాత్రి వెళ్లినవాళ్లు ఉన్నారా?

ఇంకొకటి. నల్లా నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోక తప్పదు, ఇంట్లో చంటిపాప ఉంది. డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది కాబట్టి పాపకు పగలు కూడా దోమతెర కడుతున్నాం. డ్రమ్ముల్లో దోమలు పెరగకుండా మీరేం చేస్తున్నారు?